యాసను ఎందుకు ఆడిపోసుకుంటారు?

2003 నవంబరులో డెల్ కంపెనీ ఆప్టిప్లెక్స్, ల్యాటిట్యూడ్ కంప్యూటర్లు వాడే అమెరికా కార్పొరేట్ ఖాతాదారుల సపోర్ట్ కాల్స్‌ను బెంగళూరుకు పంపడం మానేసింది. వాటిని మళ్లీ అమెరికాలోని సిబ్బందికే అప్పగించింది. ఖాతాదారుల ఫిర్యాదులు ముఖ్యంగా రెండు. బెంగళూరు వాళ్ల ఉచ్చారణ అర్థం కావడం లేదన్నది ఒకటి. ఏమడిగినా రాసిపెట్టిన పాఠమే అప్పజెబుతున్నారన్నది రెండోది. ఇరవై ఏళ్లు దాటాక కూడా మొదటిదే అందరి నోటా నానుతోంది. రెండోదాని ఊసెత్తేవాళ్లు లేరు.

ఎత్తకపోవడం కంపెనీలకు లాభం. తప్పు కుర్రాళ్ల నాలుకదైతే, దాన్ని వంచితే సరిపోతుంది. అందుకే కాల్ సెంటర్లలో యాస మాన్పించే తరగతులు పెట్టారు, రాత్రి షిఫ్టుకు ఇంగ్లిష్ పేర్లు తగిలించారు. ఇప్పుడైతే మనిషి మాట్లాడుతుండగానే యాసను మెత్తబరిచే ఏఐ సాఫ్ట్‌వేర్ వచ్చింది. టెలిపెర్ఫార్మెన్స్ సంస్థ భారత్‌లోని తన ఉద్యోగులకు దాన్ని వాడుతున్నట్టు 2025లో వార్తలొచ్చాయి.

యాసే అడ్డమైతే, అటూ ఇటూ తెలుగువాళ్లే ఉన్నప్పుడు పేచీ రాకూడదు కదా! హెల్ప్‌లైన్‌లో తెలుగు ఎంచుకున్న ఒక పెద్దావిడ, బెంగళూరులో హెడ్‌సెట్ పెట్టుకున్న రాయలసీమ కుర్రాడు మాట్లాడుకుంటున్నారనుకోండి.

"బాబూ, కంప్యూటర్ రావట్లేదు."

"అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. రీస్టార్ట్ చేశారా?"

"చేశానయ్యా. కింద డబ్బాకి లైటు వెలుగుతోంది. పైన టీవీలాంటిదే నల్లగా ఉంది."

"ఓకే మేడమ్. ఇప్పుడు స్క్రీన్ మీద స్టార్ట్ బటన్ నొక్కండి."

ఎడ్డెమంటే తెడ్డెం. కానీ ఆవిడ చెప్పాల్సింది చెప్పేసింది. సీపీయూకి కరెంటు అందుతోంది, మానిటర్‌లో బొమ్మ రావట్లేదు. ముందు మానిటర్ స్విచ్, ఆ తర్వాత రెంటినీ కలిపే కేబుల్ చూడమనాలి. ఆ సంగతి కుర్రాడికి తెలీక కాదు. అతని స్క్రిప్టులో రీస్టార్ట్ తర్వాతి మెట్టు స్టార్ట్ బటన్. మెట్టు తప్పితే కాల్ వినే క్వాలిటీ వాళ్లు మార్కులు కోస్తారు. ఆగి నాలుగు ప్రశ్నలు అడిగితే ఏహెచ్‌టీ, అంటే ఒక్కో కాల్‌కు పట్టే సగటు సమయం, పెరుగుతుంది. పెరిగితే టీమ్ లీడర్ పిలుస్తాడు. అదే కుర్రాడు మారతహళ్లి పీజీకి తిరిగొచ్చాక ఊళ్లో ఉన్న నాన్న ఫోన్ చేస్తే, "ఇప్పుడు నీకేం కనబడతాంది నాయనా? మెల్లగా చదువు" అంటాడు. పని అయిపోతుంది. అక్కడ గడియారం లేదు, స్క్రిప్టు లేదు.

యాస అసలు అడ్డమే కాదని నేననను. డెల్ కంప్యూటర్ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఏడుండే గుర్తింపు కోడ్, అంటే సర్వీస్ ట్యాగ్, చదివేటప్పుడు 'బి', 'డి', 'పి' కలిసిపోతాయి. దానికి మందు ఎప్పుడో ఉంది: బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ. రాసిచ్చిన పాఠానికి అంత చవకైన మందు లేదు.

ఇంకో వాదన ఐటీ ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది: యూజర్లకు సమస్య చెప్పడం చేతకాదని. నిజమే, చేతకాదు. పొట్టలో ఏదో తిప్పుతోందని వచ్చిన రోగిని, రోగం పేరు తెలుసుకుని రమ్మని ఏ డాక్టరూ వెనక్కి పంపడు. అడిగి రాబట్టడమే ఆ వృత్తి. టెక్ సపోర్ట్‌ది కూడా అదే పని. అడిగే నేర్పున్న వాళ్లను తెచ్చి, అడగడానికి వీల్లేని సీట్లో కూర్చోబెడుతున్నాం.

కాబట్టి కంపెనీలు గొంతులు మార్చే సాఫ్ట్‌వేర్ కొనేముందు తమ కొలబద్ద మార్చుకోవాలి. కాల్ ఎన్ని నిమిషాల్లో తెగిందని కాకుండా, అదే మనిషి అదే సమస్యతో వారంలోపు మళ్లీ ఫోన్ చేశాడా లేదా అన్నది లెక్కపెట్టాలి. స్క్రిప్టు దాటే హక్కు మొదటి లెవెల్ ఉద్యోగికి కూడా ఇవ్వాలి. ఆ తర్వాత కూడా అర్థం కాకపోతే, అప్పుడు యాస గురించి మాట్లాడుకుందాం.