ఆ అక్కని "ఫిరాయించింది" అనకండి



మా గూడెం నుంచి ఒక అక్క పైచదువులకు విదేశం పోతోంది. మొన్న నలుగురం కూర్చున్నప్పుడు ఒకాయన, "ఇంకేముంది, జాతిని వదిలి ఫిరాయించినట్టే" అన్నాడు. అందరూ నవ్వారు, అక్క నవ్వలేదు. అందుకే ఇది రాస్తున్నా.

ఫిరాయింపు అనగానే మనకు కండువా మార్చిన ఎమ్మెల్యే గుర్తొస్తాడు. దేశం ఫిరాయించడం అంతకంటే చాలా బరువైన పని. పోవద్దన్న ప్రభుత్వాన్ని ఎదిరించి, దానికి పడని దేశం పంచన చేరడం. తిరిగి ఇంటికి రావచ్చన్న ఆశ వదులుకోవడం.

ఢిల్లీలోనే జరిగిన సంగతి ఒకటి చెప్తా. సోవియట్ రష్యాను ఏలిన స్టాలిన్ కూతురు స్వెత్లానా. ఆమె ప్రేమించిన బ్రజేష్ సింగ్ మన ఉత్తరప్రదేశ్‌లోని కాలాకాంకర్ మనిషి. వాళ్ల పెళ్లికి అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1966లో ఆయన మాస్కోలో చనిపోతే, అస్థికలు తీసుకుని మన దేశం వచ్చింది. ఇక్కడే ఉండిపోతానంది. రష్యాతో స్నేహం చెడుతుందని మన ప్రభుత్వం సరేననలేదు. 1967 మార్చి 6న నేరుగా అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి ఆశ్రయం అడిగింది.

మాస్కోలో కొడుకు, కూతురు ఉండిపోయారు. కూతురికి అప్పుడు 16 ఏళ్లు. తర్వాత సోవియట్ వాళ్లు ఆమె పౌరసత్వం తీసేశారు. 1984లో తిరిగి వెళ్తే, ఆ కూతురు తల్లి మొహం చూడటానికి ఇష్టపడలేదు. 1986లో మళ్లీ అమెరికా వెళ్లిపోయింది, 2011లో అక్కడే కన్నుమూసింది.

ఆమెను ద్రోహి అని నేననను. అలాగని గొప్ప వీరురాలు అనీ అనను. చెప్పి వెళ్లి, మళ్లీ వచ్చే వీలుంటే ఎవరికీ ఫిరాయించే అవసరం రాదు. మనుషుల్ని లోపల పెట్టి తాళం వేసిన ప్రభుత్వానిదే మొదటి తప్పు. కానీ ఆ తప్పుకి వెల కట్టింది మాత్రం తల్లి లేకుండా మిగిలిన పిల్లలు. ఫిరాయింపు అంటే అదీ.

మరి మన అక్క చేసిందేంటి? పాస్‌పోర్టు తీసుకుని, ఇంట్లో అందరికీ చెప్పి పోతోంది. విదేశం వెళ్లే హక్కు కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విదేశాల్లో చదివే ఎస్టీ విద్యార్థులకు కేంద్రమే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. సెలవు దొరికితే ఇటుకల పండక్కి అక్క మన మధ్యే ఉంటుంది.

"పోయినోళ్లు మళ్లీ మన మొహం చూడరు" అనే భయం ఉంది, కాదనను. కానీ దానికి దూరం కారణం కాదు. ఇంటర్ చదివేటప్పుడు మా అమ్మ హాస్టల్‌కి వచ్చింది. ఫ్రెండ్స్ వింటారని నేను కువిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అమ్మ కువిలో అడుగుతుంటే తెలుగులో జవాబు చెప్పా. కాసేపటికి అమ్మ కూడా వచ్చీరాని తెలుగులోకి మారిపోయింది. హాస్టల్ గేటు దాటకుండానే ఆ రోజు నేను చేసింది ఫిరాయింపు.

అక్క మాత్రం విమానం ఎక్కే ముందు ఇంట్లో కువిలోనే చెప్పి ఎక్కుతుంది. ఆమెకు ధైర్యం చెప్పి పంపుదాం. ఆ మాట అన్న అన్న కూడా ఈ గ్రూపులోనే ఉన్నాడు. అన్నా, కోపం పెట్టుకోకు, ఒక్కసారి ఆలోచించు.

జై ఆదివాసీ.