బ్రేకు ఆయిలు ఆయిలు కాదుట!

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే మన ఇళ్ళల్లో ఎంత రభస జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మా అత్తగారైతే, పెట్టింది కన్నకొడుకైనా సరే, నాలుగు రోజులు మాట్లాడేవారు కాదు. కిరసనాయిలు పోసిన గరాటాతో ఎవరైనా నువ్వుల నూనె పోశారో, ఆ నూనె ఇక పొయ్యి దగ్గరికి రానట్టే. "కాస్తేగా, ఏమవుతుంది?" అన్న మాట వంటింట్లో చెల్లదు. ఆ కాస్తే కొంప ముంచుతుందని మనకి తెలుసు.

మరి పిల్లలు ఎక్కి తిరిగే బండి దగ్గరికి వచ్చేసరికి అదే మాట ఎందుకు చెల్లిపోతోందన్నదే నా గొడవ.

మేముండేది గుంటూరు. మా అమ్మాయికి మంగళగిరిలో ఉద్యోగం. బస్సులకోసం పడిగాపులు పడలేక, మొదటి ఏడాది జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో మోటారు సైకిలు కొనుక్కుంది. "ఆడపిల్లకి స్కూటర్ చాలదూ?" అన్న వాళ్ళకి అదే జవాబు చెప్పుకుంది లెండి. బండి వచ్చి నాలుగు నెలలైంది. సీటు మీది ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా పూర్తిగా ఊడలేదు. రెండో సర్వీసింగుకి ఇచ్చి తెచ్చుకున్న వారానికి బ్రేకు లివర్ గట్టిపడింది. నొక్కితే లోపలికి పోవడానికి మొరాయిస్తుంది, వదిలితే వెనక్కి రావడానికి బద్ధకిస్తుంది. "కొత్త బండి కదా, అదే సర్దుకుంటుంది" అన్నారు మావారు. పెళ్ళైన కొత్తలో నా గురించి కూడా ఆయన అలాగే అన్నారుట.

బండి సర్దుకోలేదు. ఓ సాయంత్రం కాజ టోల్ గేటు దాటాక, పిల్ల లివర్ ముట్టుకోకుండానే ముందు చక్రం పట్టేసింది. గేటు దగ్గర అప్పుడే నెమ్మదించింది కాబట్టి పక్కకి ఒరిగి నిలబడగలిగింది. వెనక లారీ ఉంది. ఇంతకంటే ఆ సంగతి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

బండి ఇంటికి ట్రాలీ ఆటోలో వచ్చింది. మా వీధిలో ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. అందరికీ బాబాయిగారే. ఆయన వచ్చి, హ్యాండిల్ మీదున్న చిన్న డబ్బా చుట్టూ పాత తువ్వాలు కప్పి, మూత తీశారు. ఆ ద్రవం పెయింటు మీద పడితే పెయింటునే తినేస్తుందిట. "అమ్మాయ్, గాజు గ్లాసుతో మంచినీళ్ళు తీసుకురా" అన్నారు. ఆయనకి దాహమేసిందనుకున్నాను. మందు సీసా డ్రాపరుతో డబ్బాలోంచి కాస్త తీసి ఆ నీళ్ళలో వేశారు. పైన నూనె చుక్కలు, పులుసు మీద పోపు తేలినట్టు తేలాయి. "చూశావా? అసలు సరుకైతే నీళ్ళలో కలిసిపోవాలి. ఇందులో ఎవరో ఇంజనాయిలు పోశారు" అన్నారు.

"బ్రేకు ఆయిల్లో ఆయిలు పోస్తే తప్పేమిటి బాబాయిగారూ?" అన్నాను.

"అదేనమ్మా అసలు జబ్బు. మనం బ్రేకు ఆయిలు అంటాం కానీ, అది ఆయిలు కాదు."

ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైన భాషలో చెబుతాను. లివర్ నొక్కితే లోపలి ద్రవం గొట్టం గుండా పరుగెత్తి చక్రం దగ్గరి ప్యాడ్లని నెడుతుంది. అవి డిస్కుని రెండు వైపులా పట్టుకుంటాయి. వదిలేస్తే ద్రవం సన్నటి రంధ్రం గుండా వెనక్కి వచ్చేస్తుంది. ద్రవం కారకుండా కాపలా కాసేవి రబ్బరు సీళ్ళు. ఆ రబ్బరుకి గ్లైకాల్ జాతి ద్రవం పడుతుంది, పెట్రోలు వంశపు నూనె పడదు. నూనె తగిలితే నానబెట్టిన శనగల్లా ఉబ్బుతుంది. ఉబ్బి ఆ సన్నటి దారిని మూసేస్తుంది. వెనక్కి రావలసిన ద్రవం లోపలే చిక్కుకుంటుంది, రాపిడికి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఇక బ్రేకు దానంతటదే బిగుసుకుంటుంది. మా పిల్లకి జరిగింది ఇదే.

నూనె సంగతి అలా ఉంచండి, ఒట్టి తేమ చాలుట దాన్ని పాడుచెయ్యడానికి. ఈ ద్రవం గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తది 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు లివర్ ఎంత నొక్కినా బుడగలు నలుగుతాయే కానీ బండి ఆగదు. సర్వీసింగు షాపుల్లో మూత లేకుండా అలమరలో నెలల తరబడి నిలబడే సీసాలు మీరెప్పుడైనా చూశారా? ఉప్పు డబ్బా మూత తెరిచి ఉంచితే మనం ఊరుకుంటామా?

ఇక సర్వీసింగు వాళ్ళ మర్యాద వినండి. జాబ్ కార్డు మీద "బ్రేకు ఆయిలు టాప్ అప్" అని వాళ్ళ చేత్తోనే రాసి ఉంది. అది చూపిస్తే మేనేజరు నవ్వి, "ఆయిల్లో ఆయిలు పడితే ఏమవుతుందమ్మా? ఇవన్నీ మీకు అర్థం కావు, సార్‌ని పంపించండి" అన్నాడు. ఆ సార్ ఇంట్లో గ్యాసు సిలిండరు రెగ్యులేటరు బిగించడానికి నన్ను పిలుస్తారని అతనికెలా తెలుస్తుంది! గ్లాసులో నీళ్ళు తెప్పించి, నేను తీసుకెళ్ళిన సీసాలోంచి నాలుగు చుక్కలు అతని బల్ల మీదే వేసి చూపించాను. నవ్వు ఆగింది. "సరే, పాతది తీసేసి కొత్తది పోసి ఇస్తాం, ఫ్రీగానే" అన్నాడు.

ఇదిగో, ఇక్కడే మనం మోసపోతాం. ఆ "ఫ్రీగానే" అన్న మాటకి మన ప్రాణం కరిగిపోతుంది. లోహపు గొట్టాల్ని కడగవచ్చు. నూనె తాగి ఉబ్బిన రబ్బరుని కడిగితే బాగుపడదు. మాస్టర్ సిలిండరు, క్యాలిపర్ సీళ్ళు, రబ్బరు గొట్టాలు, ఆ నూనె ఎంతదాకా పోయిందో అంతదాకా ఉన్న రబ్బరు సరంజామా అంతా మార్చాలి. 125 సీసీ దాటిన బళ్ళకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి కదా, ఆ పెట్టెలోకి నూనె పోయి ఉంటే అదీ మార్చవలసిందే. ఖరీదంతా అందులోనే ఉంది కాబట్టే వాళ్ళకి "ఫ్రీగా కడగడం" మీద అంత ప్రేమ.

"పోనీలే, వాళ్ళతో గొడవెందుకు" అన్నారు ఇంటిల్లిపాదీ. ఎందుకా? బండి కింద పడితే తగిలేది మేనేజరుకి కాదు కాబట్టి! చీర రంగు వెలిస్తే కొట్టుకి తిరిగి వెళ్ళి నిలదీసే మనం, బ్రేకు దగ్గర మొహమాటపడితే ఎలా?

ఆ నూనె పోసిన కుర్రాడిని మాత్రం నేనేమీ అనను. అతనికి పద్దెనిమిదేళ్ళుంటాయేమో. పేరు రాయని డబ్బాలు నాలుగు, గరాటా ఒకటి చేతికిచ్చి, రోజుకి పాతిక బళ్ళు పూర్తి చెయ్యమంటే తప్పు ఎవరిది? చాలా బళ్ళకి ఆ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది: తీసే ముందు తుడవండి, సీలు విప్పని సీసాలోది మాత్రమే పొయ్యండి అని. ఇంగ్లీషులో, చీమల్లాంటి అక్షరాల్లో. అది అతనికి చదివి వినిపించిన నాథుడు లేడు.

నేను ఇంటికొచ్చి ఉత్తరం రాశాను. జాబ్ కార్డు నకలు, గ్లాసు ఫోటో జతచేశాను. సీసాలో తీసిన నమూనా మా దగ్గరే ఉందని రాశాను. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం ప్రకారం నేనున్న ఊళ్ళోనే ఫిర్యాదు చెయ్యవచ్చనీ, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదనీ గుర్తుచేశాను. 1915 నంబరుకి ఫోన్ చేస్తే దారి చెప్తారన్న సంగతి చివరి వాక్యంలో చేర్చాను. పదకొండు రోజులకి భాగాలన్నీ మారాయి. పాతవి అడిగి తెచ్చుకున్నాను. పాత సీలునీ కొత్త సీలునీ పక్కపక్కన పెడితే, మావారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "సర్దుకుంటుంది" అన్న మాట ఆ తర్వాత ఆయన నోట రాలేదు.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, మీ ఇంటి బండి ఈసారి సర్వీసింగుకి వెళ్ళినప్పుడు మీరూ వెళ్ళండి. బ్రేకు ద్రవం పోస్తామంటే, "ఆ సీసా సీలు నా ఎదురుగా విప్పండి నాయనా" అనండి. రెండేళ్ళకోసారి మొత్తం మార్చమని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది, తేదీ పాల పుస్తకంలో రాసుకోండి. లివర్ తీరు మారిందని పిల్లలు చెబితే ఆ రోజుకి బండి కదలనివ్వకండి. "మీకు అర్థం కాదమ్మా" అంటే ఓ గ్లాసుడు మంచినీళ్ళు అడగండి.

తాగడానికి కాదు సుమండీ!