ఓర్పుకీ ఓ హద్దుండాలి

"ఆడదానికి ఓర్పుండాలి" అన్న మాట మనకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నదే. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి కూడా అదే నీతి వర్తిస్తుందని మాత్రం ఈ మధ్యే తెలిసింది.

మా అత్తయ్యగారు బాత్రూంలో జారి పడ్డారు. ఆపరేషన్ మర్నాడన్నారు. ఆ రాత్రి ఎక్స్‌రేకి కదిపినా, బెడ్‌పాన్ పెట్టినా, దుప్పటి మార్చినా ఆవిడ చీరకొంగు నోట్లో కుక్కుకున్నారే తప్ప అరవలేదు. "పెద్దావిడకి ఎంత ఓర్పండీ!" అని నర్సు మెచ్చుకుంటే నేనూ మురిసిపోయాను. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

మర్నాడు ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరమ్మ వచ్చి, స్కానింగ్ మిషన్‌లో చూసుకుంటూ గజ్జల దగ్గర ఓ ఇంజక్షన్ చేశారు. అరగంటలో అత్తయ్య మొహం తేటపడింది. "హమ్మయ్య, ప్రాణం కుదుటపడిందే" అన్నారు. దీన్ని నర్వ్ బ్లాక్ అంటారట. నొప్పి కబురు మెదడుకి మోసే నరాల చుట్టూ మందు వేస్తే, కొన్ని గంటలపాటు ఆ కబురు పైకి పోదు. స్పృహ మాత్రం ఉంటుంది.

మరి ముందు రాత్రే ఎందుకివ్వలేదు? "ఆవిడ నొప్పని అనలేదు, మీరూ అడగలేదు కదా" అన్నారు.

ఇదేమీ నిన్నో మొన్నో పుట్టిన వింత కాదు. మాత్రలూ ఇంజక్షన్లతో నొప్పి లొంగకపోతే ఆపరేషన్‌కి ముందే నర్వ్ బ్లాక్ ఇవ్వడం గురించి ఆలోచించమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2011లోనే చెప్పాయి. 2020లో కాక్రేన్ సంస్థ 49 పరిశోధనలను పరిశీలించింది. ఇచ్చిన అరగంటలోనే కదిలేటప్పుడు నొప్పి తగ్గుతుందనీ, ముసలివాళ్ళు ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడటం తగ్గుతుందనీ, ఛాతీలో నెమ్ము చేరడం కూడా తగ్గవచ్చనీ తేల్చింది.

అందరికీ ఇది సరిపడకపోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పాలి. ఆ కాలు కాసేపు పట్టు తప్పుతుంది గనుక ఒంటరిగా మంచం దిగనివ్వకూడదు. కానీ, "నొప్పికి బ్లాక్ ఇవ్వడం కుదురుతుందా డాక్టరుగారూ?" అని ఆస్పత్రిలో చేరిన గంటలోనే అడగడానికి మనకేం ఖర్చు?

మందుండగా ఓర్చుకోమనడం ఏ ధర్మమూ కాదు. అత్తయ్యల తరానికి అడగటం నేర్పలేదెవరూ. వాళ్ళ తరఫున మనమే నోరు విప్పాలి.