చచ్చిన సముద్రపు ఆవు లెక్క ఎవరు చెబుతారు?

తమిళనాడులోని తంజావూరు, పుదుక్కోట్టై జిల్లాల తీరాన, పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని 2022 సెప్టెంబరులో సముద్రపు ఆవుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దేశంలో ఇటువంటిది ఇదే మొదటిది. డూగాంగ్ అనే ఈ జంతువు మన ఆంధ్ర తీరాన లేదు. పాక్ అఖాతం, మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, అండమాన్ దీవుల చుట్టుపట్ల మాత్రమే మిగిలింది. అన్నీ కలిపినా రెండు వందల పైచిలుకే ఉంటాయని అంచనా. అయినా వల సంగతి మన జాలరులకు తెలియనిది కాదు గనుక ఈ నాలుగు మాటలు.

ఇది చేప కాదు, పాలిచ్చి పిల్లను పెంచే జంతువు. నీటి అడుగున గడ్డి మేస్తూ కొద్ది నిమిషాలకొకసారి పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది.

మన గేదె పడ్డ నాలుగో ఏట ఈనుతుంది, ఆ తరువాత ఏడాదిన్నరకొక దూడనిస్తుంది. సముద్రపు ఆవు అలా కాదు. ఆరేళ్ళ లోపు ఈనదు. కొన్ని పదిహేడేళ్ళు వచ్చేదాకా ఈనవు. చూడి పదమూడు నెలల పైమాటే. ఒకే పిల్ల. మళ్ళీ ఈనడానికి మూడు నుంచి ఏడేళ్ళు పడుతుంది. బ్రతికితే డెబ్బై ఏళ్ళు బ్రతుకుతుంది. ఇవన్నీ కూర్చి ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. మనిషి చేతిలో ఒక్కటీ చావకపోయినా మంద ఏటా నూటికి 5 మించి పెరగదని తేలింది. మందను నిలిపేది పుట్టే పిల్లలకన్నా చావకుండా మిగిలిన పెద్ద ఆడవేనని కూడా ఆ లెక్కే చెబుతున్నది.

ఇక ఎన్ని చస్తే మంద తట్టుకోగలదు? అమెరికావారు 1994లో తమ సముద్ర జంతువుల చట్టంలో ఒక పద్ధతి పెట్టారు. కనీసం ఉన్నాయనుకొన్న తలలు ఎన్నో తీసుకోవాలి, అందులో పెరుగుదల రేటు సగానికి ఎంత వస్తుందో చూడాలి, జాతి అంతరించే ప్రమాదంలో ఉంటే దానిలో పదో వంతే ఉంచాలి. మన 200 తలలకు వేసి చూడండి. నూటికి రెండున్నర చొప్పున 5, అందులో పదో వంతు అర. అంటే రెండేళ్ళకు ఒకటి! అదీ దేశం మొత్తానికి. ఒక్క పడవ ఒక్క రాత్రిలో ఆ హద్దు దాటేయగలదు.

తలలు లెక్కపెడుతూ కూర్చుంటే చాలదా అని అడిగేవారున్నారు. చాలదు. ఏటా నూటికి 5 చొప్పున తగ్గినా మొదటి ఏడు 200 కాస్తా 190 అవుతుంది. మసక నీళ్ళలో ఆ తేడా ఏ సర్వేకు దొరుకుతుంది? పదేళ్ళకు మిగిలేవి 120. ఈ జంతువుకు దగ్గర చుట్టమైన స్టెల్లర్ సముద్రపు ఆవును 1741లో కనుగొంటే 1768 నాటికే తుడిచిపెట్టారు. ఆనాటి వేట మంద తట్టుకోగలిగినదానికి ఏడు రెట్లు మించినదని 2006లో ఇలాంటి లెక్క కట్టే చెప్పారు. ఎవరికి లాభం?

కనుక కావలసినది చావుల లెక్క. అది ఉన్నది జాలరి దగ్గర. చట్టం ఏమో మొదటి షెడ్యూలులోని ఈ జంతువును చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలంటుంది. కావాలని వేటాడేవానికి అది న్యాయమే. పొరపాటున వలలో పడి చచ్చినదాన్ని ఒడ్డుకు తెచ్చి చూపే ధైర్యం మాత్రం ఎవరికుంటుంది? రాత్రికి రాత్రి నీళ్ళలో వదిలేస్తాడు. ఆ చావుతో పాటు అంకె కూడా మునిగిపోతుంది.

ప్రాణంతో వదిలిన జాలరులకు తమిళనాడు అటవీశాఖ బహుమతులిచ్చింది. మంచిదే. గుజరాత్‌లో తిమింగల సొరను వదలడానికి వల కోసుకున్నవారికి నష్టపరిహారం ఇస్తున్నారు, ఫొటో వారే తీసి చూపవచ్చు. పాక్ తీరాన ఇంకో అడుగు వేయాలి. ప్రతి రేవులో ఒక పుస్తకం ఉంచాలి. ఏ తేదీన, ఎక్కడ, ఏ రకం వలలో పడింది, ఆడదా మగదా, పొడవెంత అన్నవి అందులో రాయాలి. వచ్చి చెప్పినవానిపై కేసు ఉండరాదు, చిరిగిన వలకు డబ్బు ఆలస్యం లేకుండా అందాలి. ఆ పుస్తకం నెలనెలా లెక్క కట్టేవారికి చేరాలి.