పొరుగువాని పలుకు



పెక్కు భాషలు, మతములు, ఆచారములు గల దేశము మనది. అందరును కలసిమెలసి యుండవలెనని మీరు పలుమారులు వినియుందురు. పరీక్షలలో వ్రాసియు నుందురు. వ్రాయుట సులభము, తరగతిలో ప్రక్క బల్లపై కూర్చున్నవానియెడ ఆచరించుట కష్టము. ఈ సంగతిని నేను నా తప్పువలననే నేర్చుకొంటిని.

చాల ఏండ్ల క్రిందట, నేను తెలుగు పండితుడనుగా నున్న పాఠశాలలో ఒక బాలుడు చేరెను. వాని తల్లిదండ్రులు ఇటుకబట్టీలో పనిచేయుటకై ఒడిశానుండి వచ్చినవారు. ఒకనాడు వానిని పాఠము చదువుమంటిని. వాడు ‘కమలము’ అను మాటను ‘కొమొలొము’ అని చదివెను. తరగతి యంతయు గొల్లున నవ్వెను. నేనును నవ్వితిని. బాలుడు పుస్తకము మూసి కూర్చుండెను. ఆ తరువాత వాడు తరగతిలో నోరు విప్పలేదు. కొన్ని నెలలకు బట్టీపని ముగిసి ఆ కుటుంబము తరలిపోయెను.

ఒడియా భాషలో అకారమును ఇంచుమించు ఒకారమువలె పలుకుదురని నాకు పిమ్మట తెలిసినది. పూరీలోని జగన్నాథుని ఆ ప్రాంతమువారు ‘జొగొన్నాథొ’ అనియే భక్తితో పిలుతురు. బాలుడు పలికినది తల్లి నేర్పిన ఉచ్చారణము, అజ్ఞానము నాది. “నాయనా, మీ భాషలో ఈ పువ్వు నేమందురు?” అని నే నొక్క ప్రశ్న యడిగియుండినచో తరగతి యంతయు ఒక క్రొత్త సంగతి నేర్చుకొనెడిది, వాడును ధైర్యముతో తెలుగు నేర్చెడివాడు.

మన తెలుగువారును ఇతర ప్రాంతములకు పోయినవారే. నేతపనికై ఎన్నియో కుటుంబములు మహారాష్ట్రములోని షోలాపురమునకు, భీవండికి వలస పోయినవి. అచ్చటి బడిలో మన బిడ్డ తడబడుచు మరాఠీ చదువునప్పుడు తోడివారు నవ్వవలెనని కోరుదుమా?

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1820లో ఉద్యోగియై కడపకు వచ్చెను. ఆరంభమున ఆతని తెలుగును తడబడియే యుండును. పాలకవర్గమువాడయ్యును ఆతడు మన భాషను చులకన చేయలేదు. పండితులను తన ధనముతో పోషించి, శిథిలమగుచున్న తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. పరభాషను ప్రేమించిన ఒక్క మనుజునివలన మనకు కలిగిన మేలు ఇంతటిది!

ఇతరుల ఆచారములను తెలిసికొన్నచో మన సంస్కృతి చెడునని కొందరు శంకింతురు. మిరపకాయ లేని తెలుగువారి భోజనమును ఊహింపగలమా? అది అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చినది. ‘రైతు’ అను మాటకు మూలము అరబ్బీ. ‘అలమార’ అను మాటకు మూలము పోర్చుగీసు. వీనివలన మన వంట చెడలేదు, మన భాష తరుగలేదు. అంతియ కాదు, తెలిసికొనుట వేరు, అన్నిటికిని తల యూపుట వేరు. నచ్చని ఆచారమును గూర్చి మర్యాదతో ప్రశ్నింపవచ్చును, పరిహసింపరాదు.

కావున మీరు చేయవలసినవి పెద్ద కార్యములు కావు. క్రొత్తగా వచ్చిన సహాధ్యాయి పేరును వాడు పలుకునట్లే పలుకుట నేర్చుకొనుడు. వాని భాషలో పది మాటలు అడిగి తెలిసికొనుడు. వాని పండుగనాడు వాని యింటికి పొండు. మీ పండుగనాడు వానిని పిలువుడు. పదిమంది నవ్వునప్పుడు నవ్వని పదునొకండవ వ్యక్తి మీరు కండు. అట్టి వ్యక్తి ఆనాడు నా తరగతిలో ఒక్కరును లేకపోయిరి. గురువును కూడ కాలేకపోయెను.

నేడు నే నుద్యోగవిరమణ చేసినవాడను. ఆ బాలుని మరల చూడలేదు. మీ తరగతిలో ఎవరైన అట్లు పుస్తకము మూసి కూర్చున్నచో, ప్రక్కకు జరిగి ఆ పుస్తకమును మీరు తెరువుడు. వారితో కలసి చదువుడు.