‘ఫ్రీ హ్యాండ్’ ఇచ్చామంటే చేతులు దులుపుకున్నట్టేనా?

మా వి.కోట బస్టాండు దగ్గర నిలబడితే మూడు రాష్ట్రాలు పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. ఒక దారి కేజీఎఫ్‌కి పోతుంది, ఒకటి పేర్నంబట్టుకి దిగుతుంది, ఇంకోటి కుప్పానికి. టమాటా బేరం తెలుగులో మొదలై కన్నడంలోకి దూకి తమిళంలో తెగుతుంది. ఊరి పూర్తి పేరు వెంకటగిరికోట అన్న సంగతే చాలామందికి పట్టదు. ఆ పేరు చివరి కోట కోసం ఒకప్పుడు సైన్యాలు కొండెక్కి వచ్చాయన్నది అసలే పట్టదు.

ఆ పాత కథ ఇప్పుడెందుకంటే, 2025 నుంచి మన టీవీల్లో, ఫోన్లలో ఒకే మాట మోగుతోంది కాబట్టి: ఫ్రీ హ్యాండ్. ఏప్రిల్‌లో పహల్గాం హత్యల తర్వాత, ఎక్కడ కొట్టాలో ఎప్పుడు కొట్టాలో సైన్యమే తేల్చుకుంటుందని ఢిల్లీ నుంచి వార్త వచ్చింది. మేలో ఆపరేషన్ సిందూర్ జరిగింది. ఇండోనేషియాలోని మన ఎంబసీ డిఫెన్స్ అటాషే ఒక సెమినార్‌లో అన్న మాట జూన్‌లో బయటికొచ్చింది. పాకిస్తాన్ సైనిక స్థావరాల జోలికి పోవద్దని రాజకీయ నాయకత్వం పెట్టిన హద్దు వల్లే కొన్ని విమానాలు పోగొట్టుకున్నామని ఆయన అన్నాడు. సందర్భం తప్పించి రాశారని ఎంబసీ సర్దిచెప్పింది. జూలైలో లోక్‌సభలో రాహుల్ గాంధీ లేచి మీరు పైలట్ల చేతులు కట్టేశారన్నారు. లేదు, పూర్తి స్వేచ్ఛ ఇచ్చామంది ప్రభుత్వం.

అంత అరుపుల మధ్యా రెండు పక్షాలూ ఒక విషయంలో మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చేశాయి, గమనించారా? యుద్ధంలో మంచి నాయకుడంటే అధికారులకు అడ్డం రానివాడు. నా గొడవ దీంతోనే.

1768కి వెళ్దాం. మద్రాసు కుంఫిణీకీ హైదరలీకీ మొదటి మైసూరు యుద్ధం నడుస్తోంది. కుంఫిణీ సైన్యానికి పెద్ద కల్నల్ జోసెఫ్ స్మిత్. అంతకు ముందు ఏడాదే చెంగం దగ్గర, తిరువణ్ణామలై దగ్గర హైదరలీని, నిజామును కలిపి ఓడించినవాడు. 1768లో కుంఫిణీ దళాలు కనుమలెక్కి వెంకటగిరికోట, ముళబాగిలు, కోలారు, హొసూరు వరసగా పట్టుకున్నాయి. తర్వాత గురి బెంగళూరు. స్మిత్ వెంట మద్రాసు కౌన్సిల్ తన సభ్యుల్లో ఇద్దరిని పంపింది: జాన్ కాల్, జార్జ్ మెకే. వాళ్ల హోదా పేరు ఫీల్డ్ డిప్యూటీలు. వాళ్లతోపాటు ఆర్కాటు నవాబు మహమ్మదలీ. గెలిచిన ఊళ్ల మీద శిస్తు తనకొస్తుందని ఆయన ఆశ.

ఇక సైన్యం ఎలా కదులుతుంది? స్మిత్ దగ్గర గుర్రాలు చాలవు. హైదరలీది గుర్రాల బలం. గుత్తి మురారిరావు తన దండుతో వచ్చి కలిసినా ఆ తేడా పూడలేదు. పట్టుకున్న ప్రతి కోటలో కాస్త కాస్త మందిని వదిలేస్తూ పోతే చేతిలో సైన్యం మిగలదు. తిండిగింజల లెక్క తేలకుండా బెంగళూరు ముట్టడి కుదరదు. ఇవన్నీ స్మిత్ చెప్తూనే ఉన్నాడు. కోలారులో కూర్చున్న డిప్యూటీలకు మాత్రం అది జాప్యంలా కనిపించింది. నవంబరులో ‘సంప్రదింపుల కోసం’ రమ్మని స్మిత్‌ను మద్రాసుకు పిలిచేశారు. పగ్గాలు కల్నల్ వుడ్ చేతికొచ్చాయి. చురుకైనవాడని పేరు. ఆ నెలలోనే బాగలూరు దగ్గర హైదరలీ అతన్ని చావగొట్టి పెద్ద ఫిరంగులు లాక్కున్నాడు. కొన్నాళ్లకు వుడ్‌నూ తీసేశారు. చిన్న చిన్న దళాలుగా చెల్లాచెదురైన కోటలన్నీ హైదరలీ మనుషులు వరసపెట్టి తిరిగి తీసేసుకున్నారు.

సైనిక చరిత్రలు ఈ కథను ఒకే నీతి కోసం చెప్తాయి: చూశారా, దొరలు వేలు పెడితే దండు మునిగింది. నిజమే, కానీ సగం నిజమే. మిగతా సగం 1769 మార్చిలో ఉంది. హైదరలీ ఓ ఆరు వేల గుర్రాలతో స్మిత్‌ను తప్పించుకుని తిన్నగా మద్రాసు పొలిమేరల్లో దిగాడు. మాట్లాడుకుందాం, ముందు స్మిత్‌ను ఉన్నచోటే ఆగమనండి అన్నాడు. కౌన్సిల్ ఆగమంది. ఏప్రిల్లో సంధి కుదిరింది. ఎవరి ఊళ్లు వాళ్లకు.

ఆ ఆగమన్న ఆజ్ఞ కూడా రాజకీయ ఆజ్ఞే. భయంతో ఇచ్చినదే కావచ్చు. అయినా యుద్ధం ఆపాలా కొనసాగించాలా అన్నది స్మిత్ తేల్చే విషయం కాదు, అది కౌన్సిల్ పనే. అదే కౌన్సిల్ కోలారులో తనది కాని పని చేసింది, మద్రాసులో తన పని చేసింది. కాబట్టి కాల్, మెకేల తప్పు వాళ్లు కౌన్సిల్ మనుషులు కావడం కాదు. ఆజ్ఞలు వాళ్లవి, ఓటమి ఇంకొకరిది కావడం. ఈ తేడా పట్టుకోకపోతే మిగతా చర్చంతా గాలిలో కత్తి తిప్పడమే.

కుంఫిణీ సంగతి వదిలేయండి, అది వ్యాపారుల దోపిడీ సైన్యం అంటారా? సరే, మన సైన్యమే. 1959 ఆగస్టు 31న జనరల్ తిమ్మయ్య రక్షణమంత్రి కృష్ణ మీనన్ తీరుతో విసిగి రాజీనామా ఇచ్చాడు. నెహ్రూ బుజ్జగించి వెనక్కి తీయించి, తర్వాత పార్లమెంటులో ఆయన్నే తప్పుపట్టాడు. మూడేళ్లకు నామ్‌కా చూ. ఆ వాగు ఒడ్డున ఉన్న బ్రిగేడ్‌కు చలిబట్టల్లేవు, తూటాల్లేవు, ఇది కుదరదని కోర్ కమాండర్ ఉమ్రావ్ సింగ్ మొత్తుకున్నాడు. ఆయన్ని ఆ బాధ్యత నుంచి తప్పించి పైవాళ్లకు ఇష్టుడైన బి.ఎం. కౌల్‌ను తెచ్చారు. స్మిత్‌ను పిలిచేసి వుడ్‌ను పెట్టినట్టు లేదూ?

అయితే ఇక్కడ జనం మర్చిపోయే ముక్క ఒకటుంది. 1962 అక్టోబరు 12న కొలంబో వెళ్తూ నెహ్రూ విలేకరులతో, చైనావాళ్లను ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పామన్నాడు. ఎప్పుడు అంటే, తేదీ నేను చెప్పలేను, అది పూర్తిగా సైన్యం ఇష్టమన్నాడు. అంటే అది కూడా ఫ్రీ హ్యాండే! వద్దన్న అధికారిని పక్కకు నెట్టి, సరేనన్నవాడికి స్వేచ్ఛ ఇవ్వడం. ఎనిమిది రోజులకు చైనా విరుచుకుపడింది, బ్రిగేడ్ తుడిచిపెట్టుకుపోయింది.

2020 ఆగస్టు 31 రాత్రి లడఖ్‌లో చైనా ట్యాంకులు ముందుకొస్తున్నాయి. అప్పటి సైన్యాధిపతి నరవణే రాసుకున్న పుస్తకంలోని భాగాలు 2023 డిసెంబరులో వార్తల్లో వచ్చాయి. ఏం చేయమంటారని అడిగితే రక్షణమంత్రి నుంచి వచ్చిన జవాబు, మీకేది సబబనిపిస్తే అది చేయండి అని. భారమంతా తన నెత్తినే పడిందని ఆయన రాసుకున్నాడు. పుస్తకమేమో అనుమతుల కోసం ఆగిపోయింది. చైనాతో యుద్ధానికి దారితీసే కాల్పులు జరపాలా వద్దా అన్నది కూడా ‘ఆపరేషనల్’ విషయమేనా? ఇది అధికారికి ఇచ్చిన గౌరవం అంటే నేనొప్పుకోను. ఇది ఖాళీ చెక్కు కాదు, సంతకం లేని చెక్కు.

1971 మాటేమిటంటారు. ఏప్రిల్లో యుద్ధానికి వెళ్లమంటే మానెక్‌షా కాదన్నాడు, రాజీనామా చేస్తానన్నాడు, ఇందిర విన్నది. ఆయన చెప్పిన ఈ కథలో ఎంత నాటకీయత ఉందో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. ఉన్నదున్నట్టే తీసుకున్నా అది ఫ్రీ హ్యాండ్ కథ కాదు. సిద్ధంగా లేమని అధికారి మొహం మీద చెప్పాడు, కారణాలు చెప్పాడు. నిర్ణయం మాత్రం ప్రధానమంత్రే తీసుకుంది. డిసెంబరులో ఢాకా లొంగాక పడమటి వైపు కాల్పులు ఆపిందీ ఆవిడే.

కార్గిల్ చూడండి. నియంత్రణ రేఖ దాటొద్దని 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం హద్దు పెట్టింది. దానికి ఖరీదు ఉంది. శత్రువు వెనక నుంచి తిరిగి రాలేక నిట్రమైన కొండలు ముందు నుంచే ఎక్కాల్సొచ్చింది. హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న అలాంటి కొండ మీదే చనిపోయాడు. ఆ హద్దు సరైందా కాదా అని ఇప్పటికీ కొట్లాడుకోవచ్చు. ఎందుకు కొట్లాడుకోగలం? అది ఎవరు పెట్టారో అందరికీ తెలుసు కాబట్టి. ప్రభుత్వం బహిరంగంగా నాదేనంది. తర్వాత సుబ్రహ్మణ్యం కమిటీ నివేదిక, కొన్ని భాగాలు తీసేసైనా సరే, పార్లమెంటు ముందుకొచ్చింది. రేఖకు అటువైపు ఏమైంది? జనరళ్లు ‘స్వతంత్రంగా’ యుద్ధం మొదలుపెట్టారు. నాకేం తెలియదన్నాడు నవాజ్ షరీఫ్. ఫ్రీ హ్యాండ్ నిండుగా పండితే అలా ఉంటుంది.

అందుకే నేను అడిగేది సైన్యానికి ఇంకా స్వేచ్ఛ ఇవ్వమని కాదు, తగ్గించమనీ కాదు. గురి, హద్దు, ఆపడం రాజకీయులవి. దారి, వేళ, ఎత్తుగడ అధికారులవి. హద్దు పెట్టినవాడు నేనే పెట్టానని రాసివ్వాలి. కుదరదన్న అధికారి మాట ఫైల్లో ఉండాలి. అలా చెప్పినందుకు అతని కుర్చీ పోకూడదు. యుద్ధం ముగిశాక ఆ రెండు కాగితాలూ పార్లమెంటు చూడాలి. 1963లో రాసిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఈనాటికీ విడుదల చేయలేదు. అందులో దాగేది దేశ రహస్యమా, ఎవరి సంతకమో అన్న రహస్యమా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల నుంచి పిల్లలు సైన్యంలోకి పోతూనే ఉన్నారు. వాళ్లలో ఎవరైనా జెండా కప్పుకుని తిరిగొస్తే మంత్రులొస్తారు, చెక్కులొస్తాయి, సర్కిల్లో విగ్రహం లేస్తుంది. ఆ తల్లి ఒక్క ప్రశ్న అడిగిందనుకోండి: మావాడిని ఆ కొండ మీదికి పొమ్మన్నది ఎవరు? ‘సైన్యానికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చామమ్మా’ అన్నది దానికి జవాబు కాదు.