జట్టుకే శిక్షణ, జట్టుగానే వైద్యం

హైదరాబాద్ శేరిలింగంపల్లిలో అద్దాల మేడలు కట్టే ఒక కూలీకి షుగర్ ఉందనుకుందాం. ఇంటికొచ్చి పలకరించేది ఆశా కార్యకర్త. బస్తీ దవాఖానాలో బీపీ చూసేది నర్సు, మందు రాసేది డాక్టరు. ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష చేయించుకోమని ఎవరు చెప్పాలి? ఎవరో చెప్పే ఉంటారని అందరూ అనుకుంటే చివరికి ఎవరూ చెప్పరు. ఈలోగా చూపు పోతుంది. వీళ్లంతా చూసేది ఒకే రోగిని, చదువుకున్నది మాత్రం వేర్వేరు గదుల్లో. లోపం అక్కడుంది.

ఈ సంగతి ప్రపంచానికి కొత్త కాదు. ప్రాథమిక వైద్యం డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు, ఊరి ఆరోగ్య కార్యకర్తలు కలిసి చేసే పని అని 1978లోనే ఆల్మా ఆటా ప్రకటన చెప్పింది. వేర్వేరు వృత్తులవారు ఒకరితో ఒకరు కలిసి, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో మార్గదర్శక పత్రమే విడుదల చేసింది.

ఇలా కలిసి పనిచేయడాన్ని ఆచరణలో చూడాలంటే మనం దూరం వెళ్లక్కర్లేదు. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో గ్రామీణ కంటి ఆస్పత్రి తెరిచింది. పెద్ద డాక్టర్లు ప్రతి ఊరికీ వెళ్లలేరు కాబట్టి పనినే మెట్లుగా విడదీసింది. సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్. అక్కడ ఉండేది ఏడాది శిక్షణ పొందిన విజన్ టెక్నీషియన్. ఆపరేషన్ అవసరమైతే సుమారు 5 లక్షల మందికి ఉద్దేశించిన పై మెట్టు ఆస్పత్రికి పంపుతారు. ఎవరు ఎంతవరకు చూడాలో, ఎక్కడ ఆగి పైకి పంపాలో అందరికీ తెలుసు. ఈ పద్ధతికి బలం అదే. ఈ అనుభవం దేశం కూడా దాటింది; లైబీరియా రాజధాని మన్రోవియాలో 2017లో కంటి వైద్య కేంద్రం నెలకొల్పడంలోనూ ఈ సంస్థ పాలుపంచుకుంది.

రెండో ఉదాహరణ నొప్పి ఉపశమన వైద్యానిది. మారుమూల డాక్టర్లకు నిపుణులు వీడియోలో కేసులు చర్చిస్తూ నేర్పే 'ఎకో' పద్ధతిని సంజీవ్ అరోరా 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో మొదలుపెట్టారు. పిల్లల నొప్పి ఉపశమన వైద్యం కోసం హైదరాబాద్ నిపుణులు కెనడా వారితో కలిసి అదే పద్ధతిలో దక్షిణాసియా డాక్టర్లకూ నర్సులకూ పాఠాలు నడిపారు. డాక్టరూ నర్సూ ఒకే బిడ్డ కేసును కలిసి చర్చించినప్పుడు, మందు మోతాదుతో పాటు రాత్రంతా నిద్రలేని తల్లి కష్టమూ పాఠమవుతుంది.

ఈ అనుభవం శేరిలింగంపల్లికి ఎందుకు అక్కరకు రాకూడదు? ఇక్కడ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, అందులో వైద్య విజ్ఞాన విభాగం ఉంది. గచ్చిబౌలిలో పెద్ద ఆస్పత్రులున్నాయి. వీడియో పాఠాలకు కావలసిన సాంకేతికత ఐటీ కారిడార్‌కు చేతిలో పనే. నెలకోసారి ఆశా, ఏఎన్‌ఎం, నర్సు, ఫార్మసిస్టు, డాక్టరు ఒకే గదిలో కూర్చుని తమ బస్తీ కేసులే చర్చించాలి. అప్పుడప్పుడు విదేశీ బృందాలూ అందులో చేరాలి. ఆశా మాటను డాక్టరు శ్రద్ధగా వినాలి. బస్తీలో ఎవరు మందులు మానేశారో, ఎందుకు మానేశారో మొదట తెలిసేది ఆమెకే.

శిక్షణలకు మనం ఖర్చు పెడుతూనే ఉన్నాం. ఆ డబ్బు వృత్తులవారీగా పంచడం మాని జట్టుకు ఇవ్వాలి. అప్పుడు కంటి పరీక్ష సంగతి కూలీకి చెప్పే బాధ్యత ఫలానా వారిదని ఆ గదిలోనే తేలుతుంది.